తలుపు దగ్గర టికెట్ పెట్టకండి

సభాధ్యక్షులకి, కార్యవర్గ సభ్యులకి, ఉండి, కాళ్ల, ఆకివీడు ఊళ్ల వైపు నుంచి రొయ్యల చెరువులు వేరేవాళ్లకి అప్పజెప్పి వచ్చిన తమ్ముళ్లకి, ముందు వరసలో కూర్చున్న అమ్మాయిలకి నమస్కారం. హాలు ఇచ్చినవారికి, వెనకాల వంటలు చూస్తున్నవారికి కృతజ్ఞతలు. అందరి పేర్లూ చదవాలని ఉంది కానీ, చెప్పాల్సిన మాట ఒకటి గొంతులో ఉంది. మన్నించండి.

నన్ను 'మన సంఘం ఎదుగుదల' మీద మాట్లాడమన్నారు. ఎదిగాం, కాదనను. భీమవరంలో అభిమాన సంఘం అంటే సినిమా హీరోలదే అనుకునే రోజుల్లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ లివర్‌పూల్ పేరు చెప్పుకుని నలుగురం కలిశాం. ఇవాళ కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. చాలా సంతోషం. కానీ ఇవాళ్టి అజెండాలో మూడో అంశం, అదే మ్యాచ్ చూడ్డానికి టికెట్ పెట్టే సంగతి, చదివాక, ఎక్కడ నుంచి ఎదిగామో గుర్తు చెయ్యాలనిపించింది.

దూరదేశంలో ఒక క్లబ్‌కి అభిమానులు ఊరికే పుట్టుకురారండి. నార్వే సంగతి చూడండి. చలికాలం అక్కడ మైదానాలు మంచులో ఉంటాయి, వాళ్ల ఫుట్‌బాల్ ఆగిపోతుంది. 1969 నవంబరు 29 నుంచి వాళ్ల టీవీ శనివారాల్లో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్ ప్రత్యక్షంగా చూపించడం మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవారు. అలా చూస్తూ పెరిగిన పిల్లల వల్లే ఇవాళ అక్కడ లివర్‌పూల్‌కి అంత పెద్ద సంఘం ఉంది. వాళ్లకి తీరికున్న వేళకి ఆట ఇంటికొచ్చింది. అదీ సంగతి.

మరి మనకి ఏ వేళకి వచ్చింది? ఛాంపియన్స్ లీగ్, అంటే యూరప్ క్లబ్‌ల పోటీ, మ్యాచ్ ఇంగ్లండ్‌లో రాత్రి ఎనిమిదికి మొదలైతే మనకి వేసవిలో పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. ఆ టైములో ఈ డెల్టాలో మెలకువగా ఉండేది ఎవరండీ? రొయ్యల చెరువుల మీద కాపలా కుర్రాళ్లు. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడితే ఆ నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకునేదే. తెల్లవారుజాముకి మరీ పడిపోతుంది. అందుకే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి, అవి తిరుగుతున్నాయా లేదా అని ఒక మనిషి కాచుకుని ఉండాలి. నిద్ర రాకుండా ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకున్న ఆ కుర్రాళ్లే మన మొదటి సభ్యులు. ఈ సంఘం హాల్లో పుట్టలేదు, గట్టు మీద రేకుల షెడ్డులో పుట్టింది.

స్పెయిన్ క్లబ్ బార్సిలోనాతో మ్యాచ్ రాత్రి సంగతి చాలామందికి చెప్పాను. కొత్తవాళ్లున్నారు కాబట్టి మళ్లీ చెబుతాను. 2019 మే. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. మొదటి మ్యాచ్‌లో 3-0తో ఓడిపోయాం. రెండో మ్యాచ్‌కి గోల్స్ కొట్టే మన సలా లేడు, ఫిర్మినో లేడు. ఆశ లేకుండానే కాళ్ల ఊరి దగ్గర ఒక షెడ్డులో కూర్చున్నాం. మేత బస్తాకి ఆనించిన ఫోన్, దాని చుట్టూ మా తలకాయలు. మన ఆటగాడు ఒరిగి ఒక గోల్ వేశాడు, వైనాల్డమ్ రెండు నిమిషాల తేడాలో రెండు వేశాడు. లెక్క సమం. అప్పుడు కరెంటు పోయింది. ఏరియేటర్ల మోత ఆగేసరికి, అప్పటిదాకా సరిగా వినపడని కామెంటరీ ఒక్కసారి షెడ్డంతా వినిపించింది. మేమింకా ఫోన్ వైపే చూస్తున్నాం, కాపలా కుర్రాడు అప్పటికే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. మన ట్రెంట్ మైదానం మూల నుంచి ఆ కార్నర్ కొట్టింది, ఒరిగి నాలుగో గోల్ వేసింది అప్పుడే. జనరేటర్ వేసి, ఒక్కో చెరువు అంచునా టార్చి కొట్టి రొయ్య పైకి తేలుతోందేమో చూసి, అతను వచ్చేసరికి ఆట అయిపోయింది. చేతులకి డీజిల్. "ఎవరేశారండీ?" అన్నాడు. చెప్తే అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఇప్పుడు మూడో అంశం. ఇక మీదట మ్యాచ్‌లు ఏసీ ఫంక్షన్ హాల్లో, తలుపు దగ్గర టికెట్, జెర్సీ ఉన్నవాళ్లకే ప్రవేశం. ఆ కుర్రాడు ఎలా వస్తాడండీ? నెల జీతం మీద బతికేవాడు నెలకి ఎన్ని టికెట్లు కొంటాడు?

2016లో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. కొత్త స్టాండులో అన్నిటికన్నా ఖరీదైన టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నారు యజమానులు. అప్పటి మన డబ్బుల్లో సుమారు 7,500 రూపాయలు. ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్. 2-0తో ముందున్నాం. 77వ నిమిషం రాగానే వేలమంది లేచి బయటికి నడిచారు. అటుపైన సండర్‌లాండ్ రెండు వేసింది, మ్యాచ్ డ్రా అయింది.  నాలుగు రోజులకి యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. డబ్బున్న క్లబ్‌తోనే అభిమానులు అలా కొట్లాడి గెలిచారే, అదే క్లబ్ పేరు పెట్టుకున్న మనం మనవాళ్లనే తలుపు బయట నిలబెడతామా? మీరే చెప్పండి!

హాలు వద్దని నేననడం లేదు. అర్ధరాత్రి చెరువు గట్టుకి ఆడపిల్లలు రాలేరు. శనివారం ఏడున్నర మ్యాచ్‌కి హాల్లో అయితే అమ్మల్ని కూడా తీసుకొస్తున్నారు. అది మంచి ఎదుగుదల, అలాగే సాగనివ్వండి. టికెట్ మాత్రం వద్దు. జెర్సీ నిబంధన అసలే వద్దు. ప్రొజెక్టర్ అద్దె, నెట్ బిల్లు ఎలా అంటారా? రొయ్యల పట్టుబడి బాగా వచ్చిన రైతులు ఈ హాల్లోనే ఉన్నారు. ఇవ్వగలిగినవాళ్లు ఇద్దాం, డబ్బా తలుపు దగ్గర కాకుండా కార్యదర్శి గారి బల్ల మీద పెడదాం. ఎవరెంత వేశారో బోర్డు మీద రాయొద్దు.

అధ్యక్షా, చివరగా ఒక్క విన్నపం. సాయంత్రం అయ్యేసరికి సగం మంది కుర్రాళ్లు ఏరియేటర్లు వెయ్యడానికి వెళ్లిపోతారు. మూడో అంశం ఓటుకి పెట్టేది ఆ తర్వాతే అని అజెండాలో ఉంది. దయచేసి దాన్ని భోజనాల ముందుకి జరపండి. అది కుదరకపోతే చెరువుల మీద ఉన్నవాళ్లకి ఫోన్ చేసి వాళ్ల ఓటు కూడా లెక్కలో వెయ్యండి. నంబర్లన్నీ నా దగ్గరున్నాయి, నేనే చేసిస్తాను.