కడప బండ కింద సముద్రం

అందరికీ నమస్కారం. మాది వేంపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. సముద్రం మొదటిసారి చూసింది డిగ్రీలో, విహారయాత్రకు వెళ్లినప్పుడు. ఇప్పుడు దాన్నే చదువుతున్నాను, దాని మీదే బతుకుతున్నాను. ఊరికి వచ్చినప్పుడల్లా మా పెద్దనాన్నది ఒకటే ప్రశ్న: "తాగే నీళ్లకే కరువైన సీమలో పుట్టి సముద్రాన్ని కాపాడతావా అమ్మా?"

మొన్న సంక్రాంతికి ఆయన్ను ఊరి పక్క గుట్ట దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడి డోలమైటు రాళ్లలో, అడ్డంగా కోసిన ఉల్లిపాయలో ఉన్నట్టు వలయాలుంటాయి. స్ట్రోమటోలైట్లంటారు. లోతు లేని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొర పేర్చుకుంటూ పోయిన గుర్తులవి. వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. వాటంత పాతది కాకపోయినా, మన ఇళ్లలో పరిచే కడప బండ కూడా సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. మా అమ్మ రోజూ తడిగుడ్డతో తుడిచేది ఆ అడుగునే! పెద్దనాన్న రాయిని తడిమి చూసి, "ఇంత సముద్రం ఉండి కూడా మన బోర్లలో చుక్క లేదే" అన్నాడు.

నా పని ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లతో. జనవరి నుంచి మార్చి దాకా రాత్రంతా ఇసుకలో నడకే. తల్లి వెనక కాళ్లతో గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఒంటితో ఇసుకను దిమ్మిస చేసి వెళ్లిపోతుంది. కుక్కలు తవ్వేస్తాయని గుడ్లను కంచె లోపలికి మారుస్తాం. కొన్ని గంటల్లోనే పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును బొర్లిస్తే చచ్చిపోతుంది. పింగ్‌పాంగ్ బంతంత గుడ్డు పట్టుకుని మొదటి రాత్రి నా చేతులు వణికాయి. ఇసుక బాగా వేడెక్కితే పుట్టేవన్నీ ఆడపిల్లలే. ఎండలు ముదురుతున్న కొద్దీ మా దిగులు అదే.

తాబేలు గాలి పీల్చే ప్రాణి. పడవ వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చనిపోతుంది. అందుకే వలకు తాబేలు బయటపడే దారి పెట్టమంటాం. మత్స్యకారులతో నా మొదటి సమావేశంలో జీవవైవిధ్యం గురించి అరగంట దంచాను. అంతా విని ఒక తాత అడిగాడు: "ఆ దారిలో తాబేలు బయటికి పోతుంది సరే, దాంతో పాటు రొయ్య ఎంత పోతుందమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. మరునాటి నుంచి తెల్లవారకముందే రేవులో తూకం దగ్గర నిలబడటం మొదలుపెట్టాను. ఇప్పుడు నా నోటుపుస్తకంలో తాబేళ్లకన్నా రొయ్యల లెక్కలే ఎక్కువ.

ఇక మీరు అడగండి. బోర్ల గురించైనా సరే.