ఆ రోడ్డు ఎవరిది, ఫైల్ ఎక్కడుంది?

హోస్ట్: నమస్తే. పోయినసారి మీరు పంపిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువ ఒకటే సంగతి మీద ఉన్నాయి. మా వాడలో రోడ్డు సగం దాకా ఇసుక, కంకర పోసి పెట్టారు, పక్క బిల్డింగ్‌లో పార్కింగ్ జాగాలో షాపులు తెరిచారు, బండ్లన్నీ రోడ్డు మీదే, ఎవరికి చెప్పాలి అని. అందుకే హన్మకొండ కోర్టులో ప్రాక్టీస్ చేసే అడ్వకేట్ అక్కను పిలిచాం. అక్కా, కాగితం రాసుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

అడ్వకేట్: కాగితం తర్వాత, తమ్ముడూ. ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. మనవాళ్లు కార్పొరేషన్‌కు పోతారు. వాళ్లు ‘అది ఆర్ అండ్ బీ రోడ్డు, మాది కాదు’ అంటారు. ఆర్ అండ్ బీకి పోతే ‘అది నేషనల్ హైవే’ అంటారు. అక్కడికి మనిషి విసిగిపోతాడు, ఫిర్యాదు కూడా అక్కడే ఆగిపోతుంది.

హోస్ట్: మామూలు మనిషికి ఎట్లా తెలుస్తుంది మరి?

అడ్వకేట్: ఊరి బయటైతే మైలురాయి చూడు. పైన పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ ఉంటే పల్లె రోడ్డు. మనకు రెండు పెద్ద హైవేలున్నాయి. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా ములుగు, ఏటూరునాగారం వైపు పోయేది 163. జగిత్యాల, కరీంనగర్ నుంచి వచ్చి ఖమ్మం దిక్కు పోయేది 563. హైవే మీద గుంత పడ్డా, బండి అడ్డంగా ఆగిపోయినా 1033కు ఫోన్ చేసి ఆ రాయి మీది కిలోమీటర్ నంబర్ చెప్పాలి. ‘దాబా దాటినంక చింతచెట్టు దగ్గర’ అంటే ఎక్కడో వాళ్లకు తెలియదు కదా.

హోస్ట్: సిటీలో మైలురాళ్లు ఎక్కడివి అక్కా!

అడ్వకేట్: కరెంటు స్తంభం ఉంది కదా. స్తంభం మీద నంబర్ ఉంటే రాసుకో. ఎదురింటి డోర్ నంబర్, డివిజన్ నంబర్ కూడా రాయి. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నాయి, డివిజన్ రాస్తేనే కాగితం సరైన టేబుల్ మీదికి పోతుంది. ఫొటో తీసేటప్పుడు తేదీ, లొకేషన్ పడేటట్టు తియ్యి. సమస్య ఒక్కటే కనపడితే చాలదు, దాని వెనక ఏ బిల్డింగ్ ఉందో కూడా ఫొటోలో రావాలి.

హోస్ట్: బిల్డింగ్ ఎందుకు? సమస్య రోడ్డు మీద కదా.

అడ్వకేట్: అసలు సంగతి అక్కడే ఉంది. రోడ్డు మీద బండ్లు ఎందుకు నిలబడ్డాయి? ప్లాన్‌లో స్టిల్ట్ పార్కింగ్, అంటే కింద పిల్లర్ల మధ్య బండ్లకు వదిలే జాగా, అని చూపించి, కట్టినంక దాన్ని మెడికల్ షాపులకో, ల్యాబ్‌కో కిరాయికి ఇచ్చారు. వచ్చిన పేషెంట్ల బండ్లు ఇంకెక్కడ పెడతారు? ట్రాఫిక్ పోలీసులు వచ్చి చలాన్ రాస్తారు, సాయంత్రానికి మళ్లీ అదే లైను. నన్నడిగితే ట్రాఫిక్ ఫిర్యాదుల్లో చాలావాటిని టౌన్ ప్లానింగ్‌కు రాయాలి. అక్కడ ఆ బిల్డింగ్ పేరు మీద ఒక ఫైల్ ఉంటుంది.

హోస్ట్: ఆన్‌లైన్‌లో పర్మిషన్ ఇస్తున్నారు కదా, ఎవరూ చూడకుండానే వస్తుందని అంటారు.

అడ్వకేట్: 2020లో వచ్చిన బీపాస్ చట్టం అది. 75 గజాల లోపు జాగాలో చిన్న ఇల్లయితే ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుంది. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే ఓనరే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఇచ్చి వెంటనే పర్మిషన్ తెచ్చుకోవచ్చు. అంతకంటే పెద్దవాటికి 21 రోజుల గడువుంది. జనం మర్చిపోయేది ఒకటుంది. ఓనర్ మాట నమ్మి ఇచ్చిన పర్మిషన్ కాబట్టి, తప్పు తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే పెట్టారు. కలెక్టర్ కింద జిల్లా టాస్క్‌ఫోర్స్ ఉంటుంది. పునాది దశలో చెప్తే పని అవుతుంది. మూడో స్లాబ్ పడి గృహప్రవేశం భోజనాలు తిన్నంక చెప్తే కోర్టుల చుట్టూ తిరుగుడే.

హోస్ట్: భోజనం తిని ఫిర్యాదు చేసేటోళ్లు కూడా ఉంటరు అక్కా. కానీ ఇక్కడొక టెన్షన్ ఉంది. పక్కింటాయన మీద రాస్తే రేపు మొఖం ఎట్లా చూస్తాం? మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

అడ్వకేట్: కాదు. నేను తేలిగ్గా తీసుకోను. పేరు లేకుండా రాస్తే మాత్రం ఆ కాగితానికి దిక్కుండదు, అడిగేవాడు లేడని పక్కన పడేస్తారు. కాలనీ కమిటీ పేరు మీద, ఒక పదిమంది సంతకాలతో పోండి. మనిషి మీద రాయొద్దు, కట్టడం మీద రాయండి. ‘ఫలానా ఆయన కబ్జా చేశాడు’ అని రాస్తే అది గొడవ. ‘ఫలానా డోర్ నంబర్ దగ్గర మెట్లు, ర్యాంపు రోడ్డు మీదికి వచ్చాయి, కొలిచి చూడండి’ అని రాస్తే అది విన్నపం. కొలిచే పని వాళ్లది.

హోస్ట్: ఎక్కడ ఇయ్యాలి?

అడ్వకేట్: కార్పొరేషన్ ఇన్‌వార్డులో ఇచ్చి, మన కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. లేదంటే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి. 2021 నుంచి హన్మకొండ జిల్లా వేరు, వరంగల్ జిల్లా వేరు, ఏ కలెక్టరేటో చూసుకుని పోండి. ఒక దరఖాస్తులో ఒకటే సమస్య రాయండి. మోరీ, కుక్కలు, వీధి దీపం, ఆక్రమణ అన్నీ కలిపి నాలుగు పేజీలు రాస్తే ఏ సెక్షనూ తీసుకోదు.

హోస్ట్: ఇచ్చినంక చప్పుడు లేకపోతే?

అడ్వకేట్: ఓ నెల చూసి ఆర్టీఐ వెయ్యి. పది రూపాయలు. మండల ఆఫీసులో ఐదే, గ్రామ పంచాయతీలో అసలు ఫీజే లేదు. కానీ ‘ఎందుకు చర్య తీసుకోలేదు’ అని అడగొద్దు, దానికి జవాబు ఇచ్చే బాధ్యత వాళ్లకు లేదు. ‘ఈ తేదీన ఇచ్చిన ఈ నంబర్ దరఖాస్తు మీద ఫైల్‌లో రాసిన నోట్ల కాపీలు ఇవ్వండి, మంజూరైన ప్లాన్ కాపీ ఇవ్వండి’ అని అడగాలి. కొత్త రోడ్డు ఆరు నెలలకే లేచిపోతే అగ్రిమెంట్, ఎంబీ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీలు, కాంట్రాక్టర్ ఎన్నాళ్లు రిపేరు చేయాలన్న షరతు అడుగు. ఆ గడువులో ఉంటే సర్కారు మళ్లీ పైసలు పెట్టే పని లేదు. ఇంకోటి, 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఏ అని సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్‌లో గాని, కట్టడంలో గాని, నిర్వహణలో గాని ప్రమాణాలు పాటించక మనిషి చచ్చినా, వికలాంగుడైనా, బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. అంతమాత్రం చాలా అంటే చాలదు, నా అభిప్రాయం. కానీ దరఖాస్తులో ఆ సెక్షన్ నంబర్ కనపడితే చదివేవాళ్లు కొంచెం ఆగి చదువుతారు.

హోస్ట్: ఇప్పుడు పల్లెలకు పోదాం. కోతలు మొదలైతే పరకాల దిక్కు, హుజూరాబాద్ దిక్కు సగం రోడ్డు వడ్లే. రాత్రి నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు, బైక్ మీద వచ్చేటోళ్లకు కనపడదు. రైతు మీద ఫిర్యాదు చేయాలా అక్కా?

అడ్వకేట్: కష్టమైన ప్రశ్న అడిగినవు. చట్టం ప్రకారం రోడ్డుకు అడ్డం పెట్టుడు నేరమే, భారతీయ న్యాయసంహితలో 285 సెక్షన్, ఐదు వేల దాకా జరిమానా. కానీ ఆ రైతుకు కల్లం లేదు, కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందని వడ్లు తీసుకోరు. ఆయన మీద కేసు పెడితే ఇంకో రైతు అదే చోట పోస్తాడు. నేనైతే రెండు పనులు చెప్తా. ఇప్పటికిప్పుడు ప్రాణం మీదికి వచ్చేటట్టుంటే 100కో 112కో చేసి రాళ్లు తీయించండి, ఇందులో మొహమాటం వద్దు. రెండోది, ఊరందరూ కలిసి కల్లాలు కావాలని, కేంద్రం దగ్గర ఆరబెట్టే జాగా కావాలని ప్రజావాణిలో అర్జీ పెట్టండి. దానికి ఆ రోడ్డు మీది ఫొటోలే జత చేయండి. ట్రాలీలకు వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు లేకపోవడం కూడా ఇట్లాంటిదే, పత్తి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్లు చూడు.

హోస్ట్: యాక్సిడెంట్ అయిందంటే తెల్లారేసరికి ఊరోళ్లే స్పీడ్ బ్రేకర్ కడతారు.

అడ్వకేట్: అవును, మట్టి, సిమెంటు కలిపి గోడలా లేపుతారు. ఇంకో బండి దాని మీద ఎగిరి పడుతుంది. పద్ధతి ప్రకారం కట్టే హంప్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. దానికంటే ఆ చోటును బ్లాక్ స్పాట్ కింద చూపించమని అడగండి. దాదాపు 500 మీటర్ల లోపు మూడేళ్లలో ఐదు పెద్ద ప్రమాదాలైనా జరగాలి, పదిమందైనా చనిపోయి ఉండాలి, అది లెక్క. ఎఫ్ఐఆర్ నంబర్లు తీసుకుని కలెక్టర్ చైర్మన్‌గా ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి రాయండి. ప్రమాదం చూసినవాళ్లు సాక్ష్యం చెప్పాలేమో అని భయపడి 108కు కూడా ఫోన్ చేయరు. మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ వాళ్లను కాపాడటానికే ఉంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

హోస్ట్: చివరిగా ఒకటి. నాలాల మీద కడుతున్నారు, హైడ్రాకు రాయొచ్చా అని హంటర్ రోడ్డు నుంచి ఒకరు అడిగారు. 2020లో, 2023లో ఇండ్లల్లోకి నీళ్లు వచ్చినయి కదా.

అడ్వకేట్: చెరువులు, నాలాల మీది ఆక్రమణలు తీసే హైడ్రా సంస్థ హైదరాబాద్ వరకే. ఇక్కడ కార్పొరేషన్, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ), ఇరిగేషన్, రెవెన్యూ, నలుగురికీ ఒకే దరఖాస్తు కాపీలు పంపండి. 25 ఎకరాలు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి తొమ్మిది మీటర్లు వదలాలి. సర్వే నంబర్ రాయడం మర్చిపోవద్దు. ఎవరూ కదలకపోతే ఆర్డీవో దగ్గర నాగరిక్ సురక్షా సంహిత 152 కింద పిటిషన్ వేయొచ్చు, అంతకుముందు సీఆర్పీసీ 133 అనేవాళ్లు. దారికో, నీటి పారుదలకో అడ్డమున్నదాన్ని తీయమని ఆయన ఆర్డర్ ఇస్తాడు.

హోస్ట్: దానికి లాయర్ కావాలా?

అడ్వకేట్: మా వాళ్లకు కోపం వస్తుంది గానీ, అక్కరలేదు. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాసి ఇవ్వొచ్చు. వాళ్లు వాయిదా ఇస్తారు, ఆ రోజు మాత్రం తప్పకుండా పోవాలి.