ఆ చేయి అప్పటికే ఎన్ని బంతులు విసిరింది?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. అందరికీ కలిపి ఈ ఒక్క నమస్కారం స్వీకరించండి. మన పిల్లలు చాలామంది ఇక్కడ అమెరికాలో లిటిల్ లీగ్, అంటే పిల్లల బేస్‌బాల్, ఆడుతున్నారు కాబట్టి, జపాన్ పిచ్చర్లు, అంటే బంతి విసిరేవాళ్లు, అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌కు వచ్చిన దారి గురించి చెప్పమన్నారు.

ఆ దారి 1964లో మొదలైంది. జపాన్‌లోని నంకాయ్ హాక్స్ జట్టు మసనోరి మురకామి అనే కుర్ర పిచ్చర్‌ను శిక్షణకని అమెరికా పంపింది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అతన్ని సెప్టెంబరు 1న ఏకంగా మేజర్ లీగ్ మ్యాచ్‌లోనే దించింది. అతను ఏ జట్టు ఆటగాడన్న తగాదా రేగింది. 1965 సీజన్ ఆడి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు ఎవరూ రాలేదు. 1995లో హిదెయో నోమో వచ్చాడు. ఆట నుంచి స్వచ్ఛందంగా విరమించుకున్న ఆటగాడు జపాన్‌లో మరో జట్టుకు ఆడకూడదన్నది నిబంధన. విదేశంలో ఆడకూడదని అందులో లేదు. ఏజెంట్ డాన్ నోమురా ఆ సందు పట్టుకున్నాడు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున తొలి ఏడాదే నోమో 236 స్ట్రైకవుట్లు చేసి, అంటే అన్నిసార్లు బ్యాటర్‌ను బంతి కొట్టనివ్వకుండానే ఔట్ చేసి, ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం అందుకున్నాడు.

1998 డిసెంబరులో పోస్టింగ్ పద్ధతి వచ్చింది, అంటే జపాన్ జట్టు తన ఆటగాణ్ణి డబ్బు తీసుకుని అమెరికా జట్టుకు వదిలే పద్ధతి. అమెరికా జట్లు ఒకరిది ఒకరికి తెలియకుండా బిడ్లు వేసేవి. ఎక్కువ వేసిన జట్టుకే ఆటగాడితో మాట్లాడే హక్కు. 2006లో దైసుకె మత్సుజకా కోసం బోస్టన్ రెడ్ సాక్స్ 5 కోట్ల 11 లక్షల 11 వేల 111 డాలర్లు వేసింది. అది సెయిబు లయన్స్ జట్టుకు వెళ్లింది. బంతి విసిరే మనిషికి ఆరేళ్లకు 5 కోట్ల 20 లక్షలు. ఇప్పుడు లెక్క మారింది. ఆటగాడు ఏ జట్టుతోనైనా 45 రోజులు మాట్లాడుకోవచ్చు. పాత జట్టుకు ఒప్పందంలో తొలి 2.5 కోట్ల డాలర్ల మీద 20 శాతం, తర్వాతి 2.5 కోట్ల మీద 17.5 శాతం, ఆ పైదాని మీద 15 శాతం. పిచ్చర్ యోషినొబు యమమొతో డాడ్జర్స్‌తో చేసుకున్న ఒప్పందం 32.5 కోట్ల డాలర్లు. ఈ లెక్కన అతని పాత జట్టు ఒరిక్స్‌కు 5 కోట్ల 6 లక్షల 25 వేలు వస్తాయి. ఆటగాడికి 25 ఏళ్లు నిండకపోతే కథ వేరు. 2025 జనవరిలో డాడ్జర్స్‌కు వచ్చిన రోకి ససాకికి దక్కిన బోనస్ 65 లక్షలు, అతని పాత జట్టుకు అందులో పావు వంతు.

ఇక్కడి నుంచి బంతి, మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ), విశ్రాంతి రోజులు వరుసగా చెప్పాలి. కానీ మత్సుజకా పేరెత్తాక 1998 ఆగస్టు చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

అది కోషియెన్, హైస్కూలు పిల్లల జాతీయ పోటీ. యోకొహామా హైస్కూలు పిచ్చర్ మత్సుజకాకు అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆగస్టు 19న 148 బంతులు విసిరాడు. 20వ తేదీ క్వార్టర్ ఫైనల్‌లో పీఎల్ గకుయెన్ స్కూలు మీద తొమ్మిదితో ముగియాల్సిన ఆట 17 ఇన్నింగ్స్ సాగింది, 250 బంతులు విసిరాడు. మర్నాడు సెమీ ఫైనల్‌కు చేతికి టేపు చుట్టుకుని, బంతి విసరకుండా లెఫ్ట్ ఫీల్డ్‌లో ఫీల్డర్‌గా నిలబడ్డాడు. 6-0తో వెనకబడిన జట్టు ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నాలుగు పరుగులు తీయగానే, టేపు పీకేసి తొమ్మిదో ఇన్నింగ్స్‌కు వచ్చి బంతి అందుకున్నాడు. జట్టు 7-6తో గెలిచింది. 22న ఫైనల్‌లో ప్రత్యర్థులకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. దేశమంతా చప్పట్లు కొట్టింది.

నా బాధ ఆ చప్పట్ల గురించే. మత్సుజకా 2007, 2008లో బోస్టన్‌లో గొప్పగా ఆడాడు, రెండో ఏడు 18 గెలుపులు, 3 ఓటములు. 2009లో భుజం మొరాయించింది. బుల్‌పెన్‌లో, అంటే పిచ్చర్లు సాధన చేసే చోట, ఎక్కువ బంతులు విసరాలన్న అతని అలవాటుకూ, లెక్కపెట్టి ఆపే జట్టు పద్ధతికీ పొసగలేదు. 2011లో మోచేతి శస్త్రచికిత్స. కోషియెన్‌లో విసిరినవాటి వల్లే ఇదంతా జరిగిందని ఎవరూ నిరూపించలేరు. కానీ కోట్ల డాలర్ల బిడ్ వేసే నాటికి ఆ చేయి ఎన్ని బంతులు విసిరి ఉందన్న ప్రశ్న మాత్రం తప్పించుకోలేం. జపాన్ హైస్కూలు సమాఖ్య 2020లో వారానికి 500 బంతులని గీత గీసింది. రోజుకు గీత లేదు. ఆ 148నీ 250నీ కలిపితే 398. ఆ రెండు రోజులవి మాత్రమే చూస్తే ఈ గీత కూడా దాటవు!

సరే, బంతి దగ్గరకు వద్దాం. జపాన్ లీగ్ బంతి మిజునో కంపెనీది. తోలు వేళ్లకు అతుక్కుంటుంది. మేజర్ లీగ్‌ది రాలింగ్స్ బంతి, నునుపు ఎక్కువ. అందుకే మ్యాచ్‌కు ముందు డెలావేర్ నది వైపు నుంచి తెచ్చిన బురద పట్టించి రుద్దుతారు. అయినా జారుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు ఎడంగా చాపి పట్టుకుని విసిరే స్ప్లిటర్ అనే బంతి జపాన్ పిచ్చర్ల ప్రధానాయుధం. బంతి జారుతుందని అనిపిస్తే వేళ్లు ఇంకా బిగిస్తారు. వేళ్లను బిగించే కండరాలు మోచేతి లోపలి ఎముక దగ్గరే మొదలవుతాయి. పిచ్చర్లకు తరచూ తెగే లిగమెంటు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, కూడా అక్కడిదే.

మౌండ్ ఎత్తు రెండు దేశాల్లోనూ 10 అంగుళాలే, అక్కడి నుంచి బ్యాటర్ దాకా దూరమూ ఒకటే. తేడా మట్టిది. జపాన్‌లో మెత్తన. ముందు కాలు చాలా దూరం చాపి దిగినా మట్టి కొంచెం అణుగుతుంది. ఇక్కడి గట్టి బంకమట్టి మీద పాదం టక్కున ఆగుతుంది. అడుగు తగ్గించుకోకపోతే బంతి అనుకున్న చోటికన్నా ఎత్తుగా వెళ్తుంది.

విశ్రాంతి మరీ ముఖ్యం. జపాన్‌లో సోమవారం మామూలుగా ఆట ఉండదు, ఆరుగురు పిచ్చర్లు, మనిషికి వారానికొక మ్యాచ్. ఇక్కడ 162 మ్యాచ్‌లు, సంప్రదాయంగా ఐదుగురు, మధ్యలో నాలుగు రోజులే. జపాన్ నుంచి వచ్చిన పిచ్చర్ హిరోకి కురోదా దీన్ని బాగా అర్థం చేసుకున్నాడు. స్ట్రైకవుట్ల కోసం పాకులాడకుండా, టూ-సీమ్ అనే రకం బంతి వేసి, తక్కువ బంతుల్లోనే బ్యాటర్లు నేల మీదుగా కొట్టేలా చేశాడు. ఏడేళ్లలో 79 గెలుపులు.

2025 వరల్డ్ సిరీస్‌లో, అంటే మేజర్ లీగ్ ఫైనల్ పోరులో, యమమొతో ఆరో మ్యాచ్‌లో 96 బంతులు విసిరి, మర్నాడే మళ్లీ వచ్చి గెలిపించాడు కదా అని మీలో ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ 2024లో భుజం నొప్పితో దాదాపు మూడు నెలలు ఆగిపోయిందీ ఆ చేయే. ఆ తర్వాత జట్టు అతనికి ఎక్కువసార్లు ఐదారు రోజుల విశ్రాంతి ఇచ్చింది. ఇరవై ఏడేళ్ల మనిషి చివరి రాత్రి చేసిన పని పదకొండేళ్ల పిల్లాడికి ఆదర్శం కాదు.

అమ్మలారా, అయ్యలారా, మీ లిటిల్ లీగ్ నిబంధనలు ఒకసారి తెరవండి. 9, 10 ఏళ్లవారికి రోజుకు 75 బంతులు, 11, 12 ఏళ్లవారికి 85. పద్నాలుగేళ్లు, ఆ లోపు వాళ్లు 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి, 51 నుంచి 65 అయితే మూడు, 36 నుంచి 50 అయితే రెండు, 21 నుంచి 35 అయితే ఒకటి. 41 గానీ అంతకన్నా ఎక్కువ గానీ విసిరితే, ఆ రోజు ఇక క్యాచర్‌గానూ, అంటే బ్యాటర్ వెనక బంతి అందుకునే చోటా, నిలబెట్టకూడదు. పిల్లాడు శనివారం లీగ్‌కూ ఆదివారం ట్రావెల్ టీముకూ, అంటే ఊళ్లు తిరిగి ఆడే వేరే జట్టుకూ, విసిరితే, ఈ కోచ్ పుస్తకంలో ఆ కోచ్ లెక్క ఉండదు. రెండూ కూడాల్సింది మీరే. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి: తేదీ, ఏ జట్టు, ఎన్ని బంతులు, మర్నాడు మోచేయి నొప్పి ఉందా లేదా. ఆదివారం ఉదయం ఆ పేజీ చూపించి, ఇవాళ మావాడు విసరడని కోచ్‌కు చెప్పండి.