ల్యాబ్‌లో ఎప్పుడూ రికార్డు రాసే పనేనా?

వ్యాఖ్యాత: హలో, ఎక్కడి నుంచండీ?

శ్రోత: బొబ్బిలి నుంచండీ. విజయనగరంలో ఎం.టెక్. పవర్ ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారమమ్మా, చెప్పు.

శ్రోత: మా బ్యాచ్‌లో నలుగురం. ల్యాబ్‌కి వెళ్లగానే ఒకబ్బాయి గబగబా కనెక్షన్లు ఇచ్చేస్తాడు. నాకు సర్క్యూట్ ఒకసారి ఆలోచించుకుంటే గానీ చెయ్యి ఆడదు. ఈలోగా రీడింగులు మొదలైపోతాయి, నేను రికార్డు రాస్తూ ఉండిపోతాను. మొన్న ఎవరు ఏ పద్ధతిలో నేర్చుకుంటారో చెప్పే లెర్నింగ్ స్టైల్ టెస్టు రాస్తే 'రిఫ్లెక్టివ్' అని వచ్చింది. ప్రాక్టికల్ పని నా వల్ల కాదేమోనని టెన్షన్‌గా ఉందండీ.

మాస్టారు: ఫెల్డర్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్, సిల్వర్‌మన్ అనే సైకాలజిస్టు కలిసి 1988లో ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం ఇచ్చిన నమూనాలో ఉందమ్మా ఆ మాట. చేసి చూసి నేర్చుకునేవాళ్లు యాక్టివ్, ముందు ఆలోచించుకునేవాళ్లు రిఫ్లెక్టివ్. అది ఇష్టాన్ని చెబుతుందే గానీ, పని చేతనవునో కాదో చెప్పదు. పైగా 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు పాత పరిశోధనలు తిరగేసి, ఎవరి స్టైల్‌కి తగ్గట్టు వాళ్లకి చెబితే బాగా నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. ఆ ముద్ర పక్కన పెట్టేయ్. కొలిచే ప్రోబ్ నీ చేతికి రావాలి, అంతే.

శ్రోత: ఎలాగండీ? వచ్చే వారం బక్ కన్వర్టర్, అదే డీసీ వోల్టేజిని తగ్గించే సర్క్యూట్, ఉంది.

మాస్టారు: మంచిదే. ముందురోజు సర్క్యూట్ గీసుకో. ఇన్‌పుట్ 24 వోల్టులు, డ్యూటీ సైకిల్, అంటే స్విచ్ ఆన్‌లో ఉండే సమయం వంతు, సగం అనుకుంటే లెక్క ప్రకారం 12 వోల్టులు రావాలి. లోడ్ పెడితే అంత రాదు. డయోడ్ దగ్గర కొంత, స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్‌లో కొంత, ఇండక్టర్ చుట్టలో కొంత పోతుంది. ఎంత పోతుందో అంచనా కట్టి కాగితం మీద రాసుకెళ్లు. సప్లై వేశాక ఎక్కడెంత పోయిందో నువ్వే కొలిచి చూడు. ఒక్క జాగ్రత్త: ఆసిలోస్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ మామూలుగా ఎర్త్‌కి కలిసే ఉంటుంది. దాన్ని మాస్‌ఫెట్, డయోడ్, ఇండక్టర్ కలిసే స్విచింగ్ నోడ్‌కి తగిలించావంటే షార్ట్ అయ్యే ప్రమాదముంది.

శ్రోత: ఆ అబ్బాయికి ఏం చెప్పనండీ? నొచ్చుకుంటాడేమో.

మాస్టారు: అతనొక్కడికే చెప్పకు. కనెక్షన్లు, చెకింగ్, రీడింగులు, రికార్డు వారం వారం మార్చుకుందామని అందరి ముందూ అను. రీడింగ్ అలా ఎందుకొచ్చిందో కూర్చుని రాయాల్సిన వారం అతనికీ రావాలి, అతనికీ అది లాభమే. స్వయంగా ఒక్క సర్క్యూట్ కట్టకుండానే పట్టా పుచ్చుకుంటున్న పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, చూస్తే నాకు బాధేస్తుందమ్మా.

శ్రోత: సాయంత్రం ల్యాబ్ తెరిచి ఉంచమని అడగొచ్చా?

మాస్టారు: తప్పకుండా అడుగు. టెక్నీషియన్ పక్కన లేకుండా మాత్రం సప్లై వెయ్యకు.