కిరాయికున్న ఇల్లు ఇంకొకరికి ఇయ్యాలంటే: ఓనర్ అనుమతి కాయితం ఫోన్‌లనే రాసుకుందాం

అందరికి నమస్తే. ఇయ్యాల ఒక కాయితం రాస్తున్నం. మీరు కిరాయికుంటున్నరు, ఆ ఇంటినే కొన్ని నెలలు ఇంకొకరికి కిరాయికి ఇయ్యాలె. దానికి ఓనర్ రాసిచ్చే అనుమతి పత్రం. సబ్‌లీజ్ అంటరు గదా, అదే.

మన నల్లగొండల, మిర్యాలగూడల, పాలమూరుల ఇది మస్తు నడుస్తది. రామగిరిల పోర్షన్ తీస్కున్నరు, దామరచర్ల దిక్కు పవర్ ప్లాంట్‌ల ఆరు నెలల పని పడ్డది. ఖాళీ చేస్తే మళ్ల ఆ కిరాయికి ఇల్లు దొరకది. తెలిసినోళ్ల పిల్లలు ఎంజీ యూనివర్సిటీల చదువుతుండ్రు, వాళ్లను దించుతరు. ఓనర్‌కు ఫోన్ చేస్తే "ఆఁ, ఉండనీ తియ్" అంటడు. అక్కడికి అయిపోయిందనుకుంటరు. అయిపోలే అన్నా, అసలు పని అక్కడే మొదలు.

ఎందుకంటే, 1960 నాటి మన కిరాయి నియంత్రణ చట్టంల 10వ సెక్షన్ ఉంది. ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండ ఇంకొకరికి ఇస్తే, ఖాళీ చేయించనీకి ఆ ఒక్క కారణం చాలు. రాతపూర్వకంగ అన్నది చూడుండ్రి. నోటిమాట కాదు. సరే, ఆ చట్టం తక్కువ కిరాయి ఇండ్లకే. మిగతా ఇండ్లకు 1882 ఆస్తి బదిలీ చట్టం, అండ్ల 108వ సెక్షన్. అగ్రిమెంట్‌ల వద్దని లేకపోతె ఇచ్చుకోవచ్చని అది అంటది. కాని మీ అగ్రిమెంట్ తీసి చూడుండ్రి, "ఇతరులకు సబ్‌లీజుకు ఇయ్యరాదు" అని ఒక లైన్ దాదాపు ఉండనే ఉంటది. అందుకే ఎట్ల చూసినా కాయితం కావాలె.

సరే, గూగుల్ డాక్స్ తెరిచిన. ప్లస్, న్యూ డాక్యుమెంట్. పైన మధ్యల "అనుమతి పత్రం". కుడి దిక్కు తేదీ, ఊరు. ఇగో, ఇట్ల. నేనైతే టైప్ చెయ్య, కీబోర్డ్ మీద మైక్ నొక్కి చెప్పుకుంట పోత. తెలుగు మంచిగనే పడుతది. పేర్లు, ఇంటి నంబర్లు మాత్రం చేత్తోనే కొట్టుండ్రి, అవి తప్పు పడుతయి.

ఇప్పుడు ఓనర్ పేరు. ఇక్కడ జర ఆగుదాం, ఈ వీడియో చేసేదే దీనికోసం. మా షాపుకొచ్చేటోళ్లల్ల ఎక్కువ మంది ఇక్కడనే ఇరుకుతరు. కిరాయి ప్రతి నెలా ఓనర్ వాళ్ల కొడుక్కు ఫోన్‌పే చేస్తరు, ఆయన హైదరాబాద్‌ల ఉంటడు. ఇల్లేమో తల్లి పేరు మీద. పోయి కొడుకు సంతకం పట్టుకొస్తరు. రేపు ఇంట్ల ఏదన్న మాటొస్తే ఆ తల్లి "నేనెప్పుడు ఒప్పుకున్న?" అంటది. ఆమె అన్నదాంట్ల తప్పేముంది? కాబట్టి రెండు కాయితాలు పక్కపక్కన పెట్టుండ్రి. ఒకటి మీ కిరాయి అగ్రిమెంట్, ఇంకోటి ఇంటి పన్ను రసీదు. ఇగో స్క్రీన్ మీద రెండూ ఉన్నయి, పేర్లు మూసిపెట్టిన. రెండిట్ల ఒకటే పేరుంటే ఫికర్ లేదు. వేర్వేరుంటే ఇద్దరి సంతకాలు తీస్కోండ్రి. పన్ను రసీదుల ఉన్న పెద్దాయన కాలం చేసి ఉంటే, వారసులందరు పెట్టాలె. కొడుకు దగ్గర జీపీఏ, అంటే ఓనర్ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చిన పత్రం, ఉంటే దాని నంబరు, తేదీ ఈ అనుమతి పత్రంల రాసి, ఒక జిరాక్స్ జతపర్చాలె. సంతకం కోసం ఇంకోసారి పోవుడైనా పర్వాలే, పెద్దామె దగ్గర కూసొని చదివి వినిపిచ్చి పెట్టించుకోండ్రి.

ఇగ మ్యాటర్. నేను చదువుత, మీరు చూడుండ్రి. "నల్లగొండ పట్టణం, రామగిరిలో గల ఇంటి నంబర్ ఫలానాకు, ఫలానా అను నేను యజమానిని. సదరు ఇంటి మొదటి అంతస్తులోని రెండు గదుల పోర్షన్‌లో కిరాయిదారుగా ఉన్న ఫలానా వారు, ఆ పోర్షన్‌ను ఫలానా వారికి, డిసెంబర్ 1 నుండి మే 31 వరకు, నివాసానికి మాత్రమే, సబ్‌లీజుకు ఇచ్చుటకు నా సమ్మతి తెలుపుచున్నాను." ఇంతే.

"నివాసానికి మాత్రమే" తీసెయ్యొద్దు. ఓనర్‌కు ధైర్యం ఆ మాటతోనే. ఏ పోర్షన్ అన్నది గూడ రాయాలె, లేకపోతె మేడ మీది గది గూడ మాదే అని లొల్లి.

తేదీల సంగతి. మన అగ్రిమెంట్లు ఎక్కువగ 11 నెలలకే రాస్తం. మీది ఫిబ్రవరికే అయిపోతుంటే మే దాక ఇంకొకరికి ఎట్ల ఇస్తరు? ముందు మీది రెన్యువల్ చేయించుకోండ్రి, తర్వాతనే ఇది.

కింద ఇంకో లైన్: "కిరాయి, కరెంట్ బిల్లు, ఇంటికి జరిగే నష్టానికి అసలు కిరాయిదారే నాకు బాధ్యులు." ఇది రాయకపోయినా చట్టం ప్రకారం మీ బాధ్యత పోదు. కాని ఓనర్ ఈ లైన్ చూస్తేనే నిమ్మళంగ సంతకం పెడుతడు. మీ అడ్వాన్స్ మీ పేరు మీదనే ఉంటదని గూడ రాయించుకోండ్రి.

మూడు చుక్కలు, షేర్ అండ్ ఎక్స్‌పోర్ట్, పీడీఎఫ్. ప్రింట్ కోసం షాపుకు పీడీఎఫే పంపుండ్రి. మామూలు ఫైల్ పంపితే అక్కడి సిస్టంల ఫాంట్ మారి ఒత్తులన్ని చెదురుతయి. ఆధార్ కాపీ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇయ్యుండ్రి, మొదటి 8 అంకెలు కనపడయి.

సంతకాలు ఇక్కడ, ఇక్కడ, సాక్షులు ఇద్దరు ఇక్కడ. కొత్తోళ్లు సామాన్ దించకముందే అయిపోవాలె ఇదంత. ఒరిజినల్ మీ దగ్గర, ఒక జిరాక్స్ ఓనర్‌కు, ఒకటి కొత్తోళ్లకు. ఓనర్ వద్దంటే మాత్రం వద్దు, బతిమాలి నోటిమాట మీద దించకుండ్రి. ఫార్మాట్ కింద డిస్క్రిప్షన్‌ల పెట్టిన, పేర్లు మార్చుకొని వాడుకోండ్రి.