కిచెన్ మొత్తం పీకక్కర్లేదు, షట్టర్లు మారిస్తే చాలు

(సింకు కింద షట్టర్ దగ్గర కెమెరా. కింది అంచు ఉబ్బి, సన్‌మైకా లేచిపోయి ఉంటుంది.)

నమస్తే అండీ. ఈ షట్టర్, అంటే కప్‌బోర్డు తలుపు, చూశారా, కింద ఎలా ఉబ్బిపోయిందో! బెంగళూరు మారతహళ్ళిలో మేము ఈ ఫ్లాట్‌లోకి వచ్చి 11 ఏళ్ళయింది, కిచెన్ కూడా అప్పుడు చేయించిందే. మొన్న ఒక ఇంటీరియర్ వాళ్ళని పిలిస్తే అటూ ఇటూ చూసి మొత్తం తీసేసి కొత్తది కట్టాలన్నారు. అంటే గ్రానైట్ లేపాలి, లేపితే వెనక టైల్స్ పగులుతాయి, అవి మార్చాలంటే ప్లంబర్ రావాలి, అన్నాళ్ళూ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టక, పొద్దున్నే షట్టర్లన్నీ తెరిచి టార్చ్ వేసి ఒక్కో బాక్స్ లోపల చూశాను. సింకు కిందది తప్ప అన్నీ గట్టిగా ఉన్నాయి.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. తడి చేతులు తగిలేది షట్టర్‌కి, తాలింపు జిడ్డు పట్టేది షట్టర్‌కి, రోజుకి ఇరవైసార్లు లాగేది కూడా దాన్నే. వెనకున్న బాక్స్ ఊరికే నిలబడి బరువు మోస్తుంది, అంతే. అందుకే ముఖం పాతబడ్డా ఒళ్ళు బాగానే ఉంటుంది.

మీ బాక్సులు పనికొస్తాయో లేదో మీరే చూసుకోవచ్చు. ముందు నేలకి దగ్గరగా ఉన్న అంచుల్ని, సింకు పైపు దిగే చోటుని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. దిగిపోతే ఆ పలక పోయినట్టే. పార్టికల్ బోర్డు ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బితే ఎండబెట్టినా మళ్ళీ మామూలు కాదు. తర్వాత హింజ్ స్క్రూలు బిగించి చూడండి, తిరుగుతూనే ఉంటే అక్కడ పట్టు పోయింది (ప్లైవుడ్ అయితే రంధ్రంలో ఫెవికాల్‌తో అగ్గిపుల్లలు దించి, ఆరాక బిగిస్తే చాలావరకు నిలుస్తుంది). ఆఖరికి టేపుతో బాక్స్ ఎదురుమూలలు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే బాక్స్ వంకరపోలేదు. చెదలు కనిపిస్తే మాత్రం షట్టర్ల సంగతి పక్కన పెట్టి ముందు చెదల మందు కొట్టించండి.

పాత ఇళ్ళలో ఇంకో అదృష్టం ఉంది. జయనగర్, బసవనగుడి వైపు, మన ఊళ్ళలోలాగే, గట్టు కింద కడప బండ అరలుంటాయి. కడప బండకి చెద పట్టదు, నీళ్ళకి ఉబ్బదు. దాని ముందు ఒక ఫ్రేమ్ బిగించి కొత్త షట్టర్లు వేస్తే సరిపోయేదానికి, మాడ్యులర్ కావాలని ఆ బండలు పగలగొట్టిస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

స్వీడన్, డెన్మార్క్ వైపు ఇదే ఒక వ్యాపారం. ఐకియా అనే ఫర్నిచర్ కంపెనీ బాక్సులు 40, 60, 80 సెంటీమీటర్లు అని స్థిరమైన సైజుల్లో వస్తాయి కాబట్టి, వాటికి ముందు భాగాలు మాత్రమే చేసి అమ్మే కంపెనీలున్నాయి. మన దగ్గర 2022లో నాగసంద్రలో ఐకియా వచ్చింది గానీ, ఎక్కువ ఇళ్ళలో ఉన్నవి కార్పెంటర్ ఇంట్లోనే కూర్చుని కోసిన బాక్సులు, ఒకదాని కొలత ఇంకోదానికి రాదు. అందుకని ప్రతి బాక్సూ విడిగా కొలవాలి.

(టేపుతో బాక్స్ వెడల్పు కొలుస్తున్న దృశ్యం)

పాత షట్టర్ని కొలవకండి, అది ఉబ్బి ఉండొచ్చు. బాక్స్ బయటి వెడల్పు 450 మిల్లీమీటర్లు, షట్టర్ దాన్ని పూర్తిగా కప్పాలి అనుకోండి, షట్టర్ 447 చేయించాలి. పక్కదానికీ దీనికీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. రెండు తలుపుల 600 బాక్స్ అయితే ఒక్కోటి 297. షట్టర్ వెనక హింజ్ కూర్చునే గుండ్రటి రంధ్రం 35 మిల్లీమీటర్లు ఉంటుంది, పాత హింజ్ పట్టుకెళ్ళి షాపులో చూపిస్తే మీది సున్నా క్రాంకో ఎనిమిది క్రాంకో (క్రాంక్ అంటే హింజ్ చేతిలో ఉండే వంపు) వాళ్ళే చెప్తారు. నన్నడిగితే హింజ్‌లు కూడా కొత్తవే, సాఫ్ట్ క్లోజ్‌వి వేయించండి.

ఇక మెటీరియల్. పది అడుగుల గట్టుకి కిందా పైనా కలిపి నలభై, నలభై అయిదు చదరపు అడుగుల షట్టర్లు వస్తాయి, 8×4 ప్లై షీటు ఒకటి 32 చదరపు అడుగులు, కాబట్టి రెండు షీట్లు సరిపోతాయి. సింకు పక్కన ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై (నీళ్ళకి తట్టుకునే మెరైన్ ప్లై) వేయించండి, మిగతా చోట్ల హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమకి తట్టుకునే గట్టి బోర్డు) చాలు. పై ఫినిష్‌కొస్తే, యాక్రిలిక్ అద్దంలా మెరుస్తుంది గానీ గీతలూ వేలిముద్రలూ దాగవు. మెంబ్రేన్, అంటే పీవీసీ పొర అతికించింది, స్టవ్ పక్కన వద్దే వద్దు, వేడికి అంచులు లేస్తాయి. గాడులు చెక్కిన డిజైన్లలో జిడ్డు చేరితే తుడవలేక చేతులు పోతాయి. మన వంటకి మ్యాట్ సన్‌మైకా, చుట్టూ మెషీన్‌తో అతికించిన ఎడ్జ్ బ్యాండ్ (అంచు పట్టీ), ఇదే నా ఓటు.

బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌కీ ఇదే పద్ధతి. అక్కడ మాకు దెబ్బ తగిలింది. చేసినవాళ్ళు బయటివైపు మాత్రమే సన్‌మైకా వేసి, లోపల పాలిష్ కొట్టి వదిలేశారు. రెండు నెలలకే ఏడడుగుల షట్టర్ విల్లులా వంగింది. రెండు వైపులా లామినేట్ ఉంటేనే చెక్క సమంగా నిలుస్తుంది, లోపల 0.8 మిల్లీమీటర్ల పలచటి లైనర్ లామినేట్ అయినా సరే. డబ్బు ఇచ్చేముందే షట్టర్ తిప్పి వెనకవైపు చూడండి.

మా కిచెన్‌లో సింకు బాక్స్ అడుగు పలక ఒక్కటే కొత్తది వేయించాం. గ్రానైట్ కదల్లేదు. షట్టర్లు తయారై వచ్చాక బిగించడం ఒకటిన్నర రోజు, ఆ రాత్రి కూడా ఇంట్లోనే వంట.

(హింజ్ దగ్గరగా)

బిగించాక షట్టర్లు సమంగా సర్దుకోవడం మీరే చేసుకోవచ్చు. ముందున్న స్క్రూ తిప్పితే షట్టర్ పక్కకి జరుగుతుంది, వెనకది తిప్పితే లోపలికీ బయటికీ, ప్లేట్ స్క్రూలు వదులు చేస్తే పైకీ కిందకీ. అర చుట్టు చొప్పున తిప్పుతూ సందు చూడండి... ఇదిగో, పైనుంచి కిందదాకా ఒకే గీత. వారం వాడాక బరువుకి కాస్త దిగుతాయి, అప్పుడు ఇంకోసారి సర్దండి.