పందిరి గుడ్డకు మందు, క్యారమ్స్ బోర్డుకు పొడి

తమ్ముడు: రికార్డవుతోందా? ఆ, అవుతోంది. అందరికీ నమస్కారం, బరంపురం నుంచి మళ్ళీ మేమే. బకెట్ మావయ్యకు ప్రత్యేక నమస్కారం, లేకపోతే రాత్రికి ఫోనొస్తుంది.

అప్ప: ఈసారి నిజంగా బకెట్ల సంగతే కదా, మావయ్యకు పండగ. చెప్పరా, ఏంటి విషయం.

తమ్ముడు: పందిరి గుడ్డకు నిప్పు తొందరగా అంటుకోకుండా పట్టించే మందు. ఆ పొడులు ఎలా కలపాలి, ఎక్కడ పెట్టాలి, ఒంటికి ఏమవుతుంది అని. పర్లాకిమిడి వైపు షామియానా పనిచేసే కుర్రాళ్ళు అడిగారు. ముందు పాళ్ళు చెప్పేస్తాను, అగ్నిమాపక శాఖవాళ్ళ సూచనల్లో ఉండేవే. బరువు లెక్కన అమ్మోనియం సల్ఫేట్ 4 పాళ్ళు, అమ్మోనియం కార్బొనేట్ 2, వెలిగారం (బోరాక్స్) 1, బోరిక్ యాసిడ్ 1, పటిక 2, నీళ్ళు 35. గుడ్డ లోపలిదాకా తడిసేలా ముంచి, పిండి, ఆరేయాలి.

అప్ప: ఆరుబయట కలపాలని చెప్పు. అమ్మోనియం కార్బొనేట్, వెలిగారం కలిస్తే అమోనియా ఘాటు లేస్తుంది. గోదాం తలుపులు మూసుకుని కలిపారంటే కళ్ళు మండిపోతాయి, దగ్గు ఆగదు. రాగి, ఇత్తడి గుండిగలు వద్దు, అమోనియా వాటిని తినేస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. ఆ డ్రమ్ము మీద పేరు రాయండి.

తమ్ముడు: మొదలుపెట్టావూ.

అప్ప: పెడతాను. వెలిగారం తెలుపే, బోరిక్ తెలుపే, దంచిన పటికా తెలుపే. ఉప్పూ, పంచదారా, మైదా కూడా తెలుపే కదా. పందిరి వేసే చోటే గాడిపొయ్యి తవ్వుతారు. పేరు లేని కవరు వంటవాళ్ళ చేతికి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది? ఒరియాలో రాయండి, తెలుగులో రాయండి, రెండూ రాయండి. చదువురాని వాళ్ళుంటే పుర్రె బొమ్మ గీయండి.

తమ్ముడు: అది మాత్రం నిజమే. ఇక సంచి విప్పడం. మనవాళ్ళు 25 కిలోల సంచి భుజానికెత్తి పైనుంచి గుమ్మరించేస్తారు. పొద్దున్న ఎండ వాలుగా పడేటప్పుడు చూడాలి. డ్రమ్ము మూతి దగ్గర పొడి తెల్లగా లేచి, పోసేవాడి కనురెప్పల మీద, మీసాల మీద, చెవి మడతల్లో వాలుతుంది. కంటికి కనబడేదే అంత, ముక్కులోకి పోయేది ఇంకెంతో. సంచిని కిందే ఉంచి, మూల కొంచెం కోసి, మగ్గుతో తీసి, నీళ్ళకు దగ్గరగా వంచి వదలాలి. ఒకరు పోస్తుంటే ఒకరు కర్రతో తిప్పుతూ ఉండాలి. బోరిక్ చన్నీళ్ళలో లీటరుకు 50 గ్రాములు కూడా కరగదు, అందుకని దాన్ని విడిగా వేడినీళ్ళలో కరిగించి కలపండి.

అప్ప: గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. ముక్కుకు గాముచ్ఛా తువ్వాలు చుట్టుకుంటే సన్నపొడి ఆగదు, ఎన్-95 మాస్కు కావాలి, ముక్కు మీద తీగ నొక్కుకోవాలి. కళ్ళద్దాలు, రబ్బరు గ్లవుజులు తప్పనిసరి. బాగున్న చర్మంలోంచి బోరిక్ పెద్దగా లోపలికి పోదు గానీ, తెగిన చోటు నుంచి పోతుంది. మేకులు, బైండింగ్ వైర్లు తగిలి ఈ పిల్లల చేతులు ఎప్పుడూ గీరుకుపోయే ఉంటాయి.

తమ్ముడు: నేల మీద ఒలికితే చీపురు పట్టుకోకండి, తడిగుడ్డతో తుడవండి. సబ్బుతో చేతులు కడిగాకే ఖైనీ అయినా, బీడీ అయినా. అలాగని మరీ టెన్షన్ పడకండి. బోరిక్ అంటే మన క్యారమ్స్ పొడే కదా.

అప్ప: ఆగాగు. క్యారమ్స్ పొడే అనేసి వెళ్ళిపోతావా?

తమ్ముడు: ఉన్నదే అన్నాను. క్లబ్బులో బోర్డు మీద చల్లేది అదే. చిన్నప్పటి నుంచీ ఆడుతున్నాం, ఎవరికేమైంది?

అప్ప: రోజూ చూసే వస్తువు కాబట్టి మంచిదే అని నువ్వంటున్నావు. రోజూ చూసేదే కాబట్టి ఎవరూ జాగ్రత్తపడరని నా బాధ. మీ క్లబ్బులో ఆ పొడి దేంట్లో ఉంటుంది చెప్పు.

తమ్ముడు: డబ్బాలో.

అప్ప: ఏ డబ్బాలో?

తమ్ముడు: సరేలే అప్పా, పాత పాలపొడి డబ్బాలో. పేరు రాయలేదు, ఇప్పుడు ఆ సంగతి ఎత్తకు.

అప్ప: ఎందుకు ఎత్తను? 1964లో కెనడా వైద్య పత్రికలో వచ్చింది. ఆసుపత్రిలో పసిపిల్లల పాలు కలిపేటప్పుడు మంచినీళ్ళనుకుని బోరిక్ కలిపిన నీళ్ళు వాడారు. 11 మంది పిల్లలకు విషం ఎక్కింది, అందులో కొందరు చనిపోయారు. ఆసుపత్రిలోనే అలా జరిగింది. అంతకు ముందు ఒరుపులకని పసిపిల్లల ఒంటికి బోరిక్ పొడి అద్దేవారు, దానివల్లా పిల్లలు పోయారు. నువ్వేమో దాన్ని పాలపొడి డబ్బాలో పెట్టాను అంటున్నావు.

తమ్ముడు: పెద్దవాళ్ళకూ పసిపిల్లలకూ ఒకటే లెక్కా? మోతాదు చూడాలి కదా. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో, ఒక్కసారిగా ప్రాణం తీసే మోతాదు ఇంచుమించు ఉప్పుకు ఉన్నంతే. ఈ మాట నువ్వే చెప్పావు నాకు.

అప్ప: చెప్పాను. అది ఒక్కసారిగా మింగితే వచ్చే లెక్క. ఎక్కువ మోతాదులో రోజూ పెడితే మగ ఎలుకల్లో వీర్యం దెబ్బతింది, కడుపులో పిల్లల ఎదుగుదల తగ్గింది. అందుకే యూరప్‌వాళ్ళు 2010లో బోరిక్ యాసిడ్‌ను చాలా ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో పెట్టారు.

తమ్ముడు: మరి బోరిక్‌లో, వెలిగారంలో ఉండే మూలకం బోరాన్ కదా, టర్కీలో, చైనాలో ఆ బోరాన్‌తో పనిచేసే కార్మికులను పరీక్షిస్తే స్పష్టమైన నష్టం కనబడలేదు కదా. అదీ చెప్పు. సగం చెబితే జనం బెదిరిపోయి మందే మానేస్తారు. అప్పుడు పందిళ్ళు తగలబడతాయి.

అప్ప: చెబుతాను, అదీ నిజమే. కార్మికుల ఒంట్లోకి వెళ్ళిన మోతాదు ఆ ఎలుకలకు పెట్టినదానికంటే చాలా తక్కువ. పెద్దవాళ్ళు పిసరంత పీల్చితే ఏదో అయిపోతుందని నేను అనడం లేదు. క్యారమ్స్ దగ్గర ఆడేది పిల్లలు. బోర్డు మీద పొడి ఊదుతారు, చేతులు దులుపుకుంటారు, అవే చేతులతో బరాలు, అదే గారెలు, తింటారు. ఉయ్యాల్లో ఉన్న బిడ్డ పక్కనే బోర్డు పెడతారు.

తమ్ముడు: అది ఒప్పుకుంటాను. ఊదడం మాన్పిస్తాను. కానీ బోరిక్ లేకుండా స్ట్రైకర్ నడవదు, మన సముద్రం గాలికి బోర్డు జిగటగా ఉంటుంది.

అప్ప: కొన్ని దేశాల్లో బంగాళాదుంప పిండితో చేసిన పొడి వాడతారు.

తమ్ముడు: ఇక్కడ అది ముద్దవుతుంది.

అప్ప: చూశావా?

తమ్ముడు: చూడక్కర్లేదు అప్పా, నా చెయ్యి చెబుతుంది. నీకు క్యారమ్స్ ఇష్టం లేదు, అంతే.

అప్ప: నాకు ఇష్టమే. క్వీన్ వేసి కవర్ వెయ్యలేని వాళ్ళు నాకు చెప్పక్కర్లేదు.

తమ్ముడు: ఇది ఎడిటింగ్‌లో పోతుంది.

అప్ప: పోదు. సరే, నువ్వు కోపంగా ఉన్నావు, నీ పందిరి సంగతికి వద్దాం. బారిపదా గురించి చెప్పు.

తమ్ముడు: 1997 ఫిబ్రవరి 23. మన ఒడిశాలోనే, మయూర్‌భంజ్ జిల్లా బారిపదాలో భక్తుల సమావేశం. తాత్కాలికంగా వేసిన కొట్టాలకు నిప్పంటుకుంది, 200 మందికి పైగా పోయారు. అంతకు ముందు 1995 డిసెంబర్ 23న హర్యానాలోని దబ్వాలీలో బడి పిల్లల వేడుక, పైన సింథటిక్ గుడ్డ పందిరి. అక్కడ 400 మందికి పైగా. పందిరి కట్టిన ప్రతిసారీ నాకు ఆ రెండూ గుర్తొస్తాయి. మన బరంపురం బుఢీ ఠాకురాణి జాతరలో దేశి బెహరా వీధిలో అమ్మవారి పుట్టింటి పందిరి కింద ఎంతమంది ఉంటారు? పసిబిడ్డలను చంకనెత్తుకుని వస్తారు.

అప్ప: అవునురా.

తమ్ముడు: అందుకే నేను మళ్ళీ మళ్ళీ చెప్పేది, ఈ మందు నూలుగుడ్డకే. వేడి తగిలితే బోరిక్ నీటి ఆవిరిని వదిలి, కరిగి, నూలు మీద గాజుపొరలా పడుతుంది. వెలిగారం మంట పాకకుండా చూస్తే, బోరిక్ లోపల రాజుకునే నిప్పును ఆపుతుంది. పాలిస్టర్ నీళ్ళు పీల్చుకోదు, మందు పైపైన ఎండి రాలిపోతుంది. ఆ గుడ్డ కరిగి మండుతూ చుక్కలుగా మీద పడుతుంది. ఇప్పుడు మార్కెట్లో తక్కువ ధరకు దొరికేవి ఎక్కువగా అవే. అద్దెకు తీసుకునేవాళ్ళు రంగు చూస్తారు గానీ, గుడ్డ ఏంటని అడగరు. అడగండి.

అప్ప: వాన పడితే మందు కడిగేసినట్టే అని కూడా చెప్పు. ఉతికినా అంతే, మళ్ళీ పట్టించాలి.

తమ్ముడు: ఛత్రపురం నుంచి ఒకరు అడిగారు, మిగిలిన నీళ్ళు చెట్లకు పోయొచ్చా అని. ఎరువే కదా అనుకున్నారట.

అప్ప: అమ్మోనియం సల్ఫేట్ ఎరువే. బోరాన్ మాత్రం పిసరంతే కావాలి మొక్కకు, ఎక్కువైతే ఆకుల అంచులు మాడిపోతాయి. నిమ్మచెట్టు అసలు తట్టుకోదు. బావి దగ్గరా, చెరువులోనూ పోయకండి. మూత పెట్టి దాచుకుంటే తర్వాతి గుడ్డలకు వాడుకోవచ్చు. మూత లేకపోతే ఆవులు తాగేస్తాయి. మూత మీద...

తమ్ముడు: పేరు రాయాలి.

అప్ప: నువ్వే అన్నావు. కంట్లో పడితే పావుగంట నీళ్ళతో కడగాలి, నలపకూడదు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. సంచి మీద లేబుల్ చింపి పట్టుకుని ఇక్కడి ఎమ్‌కేసీజీ ఆసుపత్రికి పరుగెత్తండి. లేబుల్ లేకపోతే డాక్టరుకు ఏం చూపిస్తారు?

తమ్ముడు: థర్మోకోల్ రథాలకు ఏం చేయాలని ఇంకో ప్రశ్న ఉంది. ఈ నీళ్ళు దానికి పట్టవు. దాని సంగతి... అప్పా, టెంపో వచ్చింది, హారన్ కొడుతున్నాడు. తడి గుడ్డలు దించాలి.

అప్ప: గ్లవుజులు ఫ్రిజ్ మీదున్నాయి. థర్మోకోల్ సంగతి వచ్చే వారం చెబుతాం. ఒరే, మైకు ఆపి వెళ్ళు...